మొదటి తునక

పీరాసాబ్ మాంసం ఎందుకు మానేశాడో ఊళ్లో అందరికీ తెలుసు, పీరాసాబ్‌కు తప్ప.

షుగరు వచ్చిందని, కళ్యాణదుర్గం డాక్టరు భయపెట్టాడని బస్టాపు దగ్గర ఉగ్గాని కొట్టులో అనుకున్నారు. ఏదో దర్గాకు మొక్కుకున్నాడని బోరింగు దగ్గర ఆడవాళ్లు చెప్పుకున్నారు. ఇన్నేళ్లు కోసీ కోసీ చివరికి పాపభయం పట్టుకుందని, వయసు మీద పడ్డాక ఎవరికైనా జాలి పుడుతుందని పెద్దమనుషులు తేల్చారు. అతని భార్య నూర్జాన్ తమ్ముడు హబీబుల్లా మసీదు పనులు చూస్తుంటాడు. బావ ఏ కొత్త గుంపులోనో కలిశాడేమోనని అతని అనుమానం.

ఒక్కో కారణం చెవిన పడ్డప్పుడు పీరాసాబ్ దాన్ని కొట్టిపారేసేవాడు కాదు. అంగట్లో చొక్కా తొడుక్కుని చూసుకున్నట్టు లోపల తొడుక్కుని చూసుకునేవాడు. ఇదేనేమో అనుకునేవాడు. కాసేపటికి భుజాల దగ్గరో మెడ దగ్గరో పట్టేసేది. విప్పి పక్కన పెట్టేసేవాడు.

జాలి సంగతి మాత్రం గట్టిగానే పరీక్షించాడు. ఒకరోజు రోడ్డు పక్కన తల్లి కోసం అరుస్తున్న మేకపిల్లను చూసి సైకిలు దిగి నిలబడ్డాడు. రావాల్సిన బస్సు కోసం చూసినట్టు జాలి కోసం చూశాడు. పిల్ల అరిచింది, మళ్లీ అరిచింది. దాని వెనక కాలు కొంచెం కుంటుతోందని గమనించాడు. అంతకు మించి లోపల ఏమీ కదల్లేదు. ఎండ నెత్తిన మాడుతుంటే సైకిలెక్కి వచ్చేశాడు.

అతను ఆ ఊరి ముల్లా. కంబదూరు నుంచి లోపలికి మట్టిరోడ్డు పట్టుకుని పోతే వచ్చే ఊరు అది. హిందువుల ఇళ్లే ఎక్కువ. అయినా పెళ్లయినా, దినమయినా, ఇంటికి చుట్టమొచ్చినా, గొర్రెనో కోడినో కోయాలంటే పీరాసాబ్ రావాల్సిందే. ముల్లా చెయ్యి పడని మాంసం ఆ ఊళ్లో ఎవరూ ముట్టరు. అతని నాయన కోశాడు, నాయనకు నాయన కోశాడు. కోసే ముందు గొర్రె ముందుకాళ్ల మధ్య అరచెయ్యి ఆనిస్తాడు. లోపల ప్రాణం ఉందని చేతికి తెలిశాక, చుట్టూ ఉన్నవాళ్లకు వినపడేలా "ఉండాది" అంటాడు. ఆ తర్వాతే బిస్మిల్లా, ఆ తర్వాతే కత్తి. కోయడం అయ్యాక మొదట కార్జం తీసి నిప్పుల మీద కాలుస్తారు. అందులో మొదటి తునక ముల్లా నోట్లో పెట్టుకోవాలి. అతను నమిలి మింగాకే పొయ్యి మీదికి గుండిగ ఎక్కుతుంది. కోసినవాడే తిన్నాడంటే ఇక ఎవరికీ అనుమానం ఉండదు. అదీ ఆ ఊరి పద్ధతి.

తినని ముల్లాను ఆ ఊరు అంతకుముందు చూడలేదు.

ఇదంతా మొదలైంది పోయిన కార్తీకంలో. రెండేళ్లు ముఖం చాటేసిన వాన ఒక్కసారిగా వచ్చి వారంపాటు కురిసింది. వేరుశెనగ చెట్లు అప్పటికే ఎండిపోయాయి కాబట్టి చేలకు అది దేనికీ పనికిరాలేదు. గొర్రెలకు మాత్రం రోగం తెచ్చింది. మూతులు వాచి, నాలుకలు నీలంగా తిరిగి, నిలబడ్డచోటే కూలబడడం మొదలుపెట్టాయి. అందరికంటే ఎక్కువ దెబ్బ ఓబులేషు మందకు తగిలింది. ఓబులేషు, పీరాసాబ్ చిన్నప్పటి నుంచీ కలిసి తిరిగినవాళ్లు. తెల్లవారకముందే ఓబులేషు వచ్చి తలుపు తట్టాడు. పోయేవి ఎట్లాగూ పోతున్నాయి, పోకముందే కోస్తే నాలుగు మాంసం తునకలైనా అవుతాయి. ప్రాణం ఉండగా కత్తి పడితే అది మాంసం, పోయాక పడితే పారేయాల్సిన పీనుగ. ఆ రెండింటికీ మధ్య ఉన్నది పీరాసాబ్ అరచెయ్యి ఒక్కటే.

ఆ రోజు ఎన్ని కోశాడో అతనికి గుర్తు లేదు. ఒకదాని తర్వాత ఒకటి తెచ్చి పడుకోబెడుతున్నారు. చెయ్యి ఆనించడం, ఉండాది అనడం, కోయడం. వాన తుంపర ఆగలేదు. నెత్తురు, నీళ్లు, బురద కలిసి చేతివేళ్ల తోలు ముడతలు పడి తెల్లబడింది. మధ్యాహ్నం దాటాక ఓబులేషు జబ్బుపడ్డవాటిలో కడపటి గొర్రెను భుజాల మీద వేసుకుని చెరువు కట్ట దిగి వచ్చాడు. మంచి గొర్రె, మందలో ముందు నడిచేది. పడుకోబెట్టి పక్కన కూర్చుని పీరాసాబ్ ముఖంలోకి చూశాడు.

పీరాసాబ్ చెయ్యి ఆనించాడు. ఏమీ తెలియలేదు. ఇంకొంచెం లోపలికి నొక్కాడు. ఒళ్లు ఇంకా వెచ్చగానే ఉంది. లోపల కొట్టుకుంటోందా లేదా అన్నది మాత్రం అందలేదు. లేనిది గొర్రెలోనా, తన చేతిలోనా? పొద్దున్నుంచీ నానిన ఆ చెయ్యి అప్పుడు తనదిలా లేదు. వాకిట్లో పడేసిన ఎవరిదో చెప్పులా ఉంది. ఓబులేషు ఇంకా చూస్తూనే ఉన్నాడు.

"ఉండాది" అన్నాడు పీరాసాబ్.

కోశాడు. నెత్తురు చిమ్మలేదు, కారింది. కాళ్లు తన్నుకోలేదు. కానీ పొద్దుటి నుంచీ కోసినవన్నీ సత్తువ ఉడిగినవే, సరిగ్గా తన్నుకున్నది ఏదీ లేదు. ఎవరికీ అనుమానం రాలేదు, ఆ వానలో నిప్పు రాజేసి మొదటి తునక పెట్టినవాళ్లూ లేరు. ఊరంతా ఆ మాంసం కొనుక్కుపోయారు. ముల్లా పాలుగా మెడకాయ పీరాసాబ్ ఇంటికి వచ్చింది.

నూర్జాన్ వండింది. సంగటి ముద్ద పక్కన తునక పెట్టింది. పీరాసాబ్ నోట్లో పెట్టుకుని నమిలాడు. నమిలాడు. ఎంతసేపటికీ మింగవలసిన సమయం వచ్చిందని నోటికి తెలియలేదు. ఉప్పు లేదు, కారం లేదు, చేదు కూడా లేదు. సైకిలు ట్యూబు ముక్క నములుతున్నట్టుంది. ఏదో గుర్తొచ్చినవాడిలా లేచి పెరట్లోకి పోయి ఊసేశాడు. మర్నాడూ అంతే. మూడోనాడు తునక పక్కన పెట్టి ఊరుబిండి పచ్చడితో సంగటి తిన్నాడు. తర్వాత ఎప్పుడూ అడగలేదు.

నోరే కాదు, చెయ్యి కూడా. సంక్రాంతి తర్వాత నూర్జాన్‌కు జ్వరం వచ్చి నుదురు చూడమంటే చూశాడు. కాలుతోందో లేదో తెలియలేదు. "నాకు తెలీలే, బిళ్ల ఏసుకో" అన్నాడు. ఆమె గోడవైపు తిరిగి పడుకుంది. ఆ తిరగడంలో బాధ ఉందని అతనికి అర్థమైంది, లెక్కల మాస్టరు చెప్పింది అర్థమైనట్టు. అంతే, లోపలికి దిగలేదు.

కరువు ఏడాది కాబట్టి ఊళ్లో విందులు తక్కువ. ఉన్న ఒకటి రెండు కోళ్ల కోతలకు పంటినొప్పి అని చెప్పి తునక తినకుండా తప్పించుకున్నాడు. కొన్నాళ్లకు ఎవరో లెక్క కలిపారు. ముల్లా మాంసం మానేసింది ఎప్పుడు? ఓబులేషు గొర్రెలు కోసిన రోజు నుంచి. అంటే ఆ పొద్దు మనతో తినిపించింది చచ్చినవాటినా? ఆ మాట ఉగ్గాని కొట్టులో పుట్టి కంబదూరు సంతదాకా నడిచింది. ఓబులేషు పొట్టేళ్లను ఎవరూ కొనడం లేదు. ఉగాది పోయింది, పెళ్లిళ్ల కాలమూ వచ్చింది, ఆ గొర్రెల రొప్పం వైపు ఒక్క బేరగాడు తొంగిచూడలేదు. పొట్టేళ్లు దిట్టంగా ఉన్నాయి. గడ్డి మాత్రం అడుగంటుతోంది.

"యాదో ఒకటి చెప్పరాదా" అంది నూర్జాన్ ఒక పొద్దు, రొట్టె తడుతూ. "మొక్కు అను. మోకాళ్ల నొప్పులు పోవాలని మొక్కుకున్యా అను. ఎవరు పోయి అడుగుతారు?"

"మొక్కుకోలేదు కదా."

"సరేప్పా, మొక్కుకోలే. మరి ఏమి?"

"ఏమీ లే."

"ఏమీ లేకుండా ఎవరన్నా నోరు కట్టుకుంటారా? నా చేతివంట సయించలేదంటే అది చెప్పు. ముప్పై ఏండ్లు తిని ఇప్పుడు సయించలేదని చెప్పు, పడతా."

"నీ వంటకేం, బాగుంటాది."

"నీకెట్ల తెలుసు బాగుంటాదని?"

ఆమె రొట్టెను పెనం మీద వేసింది. కొంచెం ఎక్కువ గట్టిగానే వేసింది.

ఆ వారమే దివాకర్‌రెడ్డి బోరు పడింది. పొలంలో అప్పటికే ఎండిపోయిన బోర్లు మూలమూలకూ ఉన్నాయి. ఇది పడకపోతే ఇక తవ్వనని భార్య తల మీద ఒట్టు పెట్టించుకుందట. పడింది, అదీ ధారగా పడింది. ఊరందరికీ భోజనాలు పెడతానని దివాకర్ ఆ బురద కాళ్లతోనే ప్రకటించాడు. పార్టీ పనులు, ఎలక్షన్లు ఎరిగినవాడు, ఊరికే పెట్టేవాడు కాదు గానీ, నీళ్లు చూసిన సంతోషం మాత్రం నిజమే. మర్నాడు సాయంత్రం బండి మీద వచ్చి పీరాసాబ్ గడప ముందు ఆపాడు, దిగకుండానే.

"ఏమప్పా పీరా, స్వాములవారైనావంట. పాదాలకు మొక్కాల్నా, ఈన్నుంచే దండం పెడితే సరిపోతాదా?"

"రా రెడ్డీ, కూర్చో."

"కూర్చోను. ఎల్లుండి భోజనాలు. ఓబులేషు పొట్టేళ్లు చెప్పినా. ఎవరూ తీసుకోకుంటే నేనే ఎందుకు తీసుకున్నానంటావు? చవగ్గా ఇచ్చినాడు, అబద్ధమెందుకు." దివాకర్ నవ్వి, నవ్వు ఆపాడు. "ఇను. నువ్వు మొదటి తునక తింటే ఊరు తింటాది. నువ్వు ముట్టకపోతే గుండిగలు గుండిగల్లాగే ఉంటాయి. నాదేముంది, పప్పన్నం పెట్టి ఓళిగలు పంచి దండం పెడతా. వాడు మునుగుతాడు. ఇంక ఈ జిల్లాలో వాని గొర్రెను ఎవడూ కొనడు. మంద తెగనమ్మి బెంగళూరు పోయి ఏ అపార్టుమెంటు గేటు కాడనో కూర్చోవల్ల. యాభై ఏండ్ల వయసులో."

"తెలుసు."

"తెలిస్తే తిను. ఒక్క తునక. విషమేం కాదు కదా."

పీరాసాబ్ తల ఊపాడు. ఊపింది ఒప్పుకున్నట్టో, విన్నట్టో దివాకర్‌కు తెలియలేదు. బండి తిప్పుకుని పోయాడు.

తినడం కష్టమని కాదు. సైకిలు ట్యూబు ముక్కనైనా మనిషి మింగగలడు. కానీ తిని "బాగుండాది" అనాలి. తెలియకుండా ఒకసారి "ఉండాది" అన్నాడు. తెలియకుండా మళ్లీ ఒకటి అనాలి. మొదటిసారి నోరు జారింది, రెండోసారి జారనివ్వాలి. ఇందులో పాపమెంత, పుణ్యమెంత అని ఆలోచించబోయాడు. ఆలోచన కూడా నోట్లో తునకలాగే ఉంది. నమలడమే గానీ దిగడం లేదు.

కోతకు ముందురోజు ముల్లా వెళ్లి పొట్టేళ్లను చూసి రావాలి. పొద్దు వాలేవేళ ఓబులేషు ఇంటి పక్కనున్న రొప్పం దగ్గరికి పోయాడు. దూరంగా గుట్టల మీద గాలిమరలు తిరుగుతున్నాయి. ఓబులేషు భార్య తిమ్మక్క కంప తడికె పక్కకు జరిపింది.

"రాప్పా, రా. మా ఇంట్లో నీళ్లన్నా తాగుతావా, అవీ మానేసినావా?"

"ఇయ్యి తిమ్మక్కా, తాగుతా."

"తాగు తాగు. నీళ్లకు ప్రాణం ఉండాదో లేదో చూసుకోని తాగు."

ఓబులేషు ఆమె వైపు ఒకసారి చూశాడు. పొట్టేళ్లను ఒక్కొక్కటిగా పట్టుకుని చూపించాడు. పళ్లు, కళ్లు, గిట్టలు. పీరాసాబ్ చూశాడు. అన్నీ బాగానే ఉన్నాయి. బాగున్నాయన్న సంగతి కంటికి తెలిసింది, అంతవరకే. తిమ్మక్క చెంబు తీసుకుని లోపలికి పోయాక ఓబులేషు చేతిలోని పొట్టేలును వదిలేసి నేల మీద కూలబడ్డాడు.

"పీరన్నా, నన్ను తిట్టు. కొట్టు. పదిమందిలో నిలబెట్టి అడుగు. ఇట్లా మాత్రం సంపొద్దు."

"ఏమి అడగల్ల?"

"ఆ కడాఖరు గొర్రె సంగతి. నీకు తెలిసిందే కదా."

"ఏమి తెలిసిందే?"

ఓబులేషు అతని ముఖంలోకి చూశాడు. వేళాకోళమాడుతున్నాడా అని వెతికినట్టు చూశాడు.

"చెరువు కట్ట దిగకముందే పోయినాదన్నా. నా భుజాల మీదనే. మనకు తెలిసిపోతాది, ఉన్నప్పటి బరువు ఒక తీరు, పోయినాంక ఒక తీరు. తెలిసే తెచ్చినా. ముందు నడిచే గొర్రె అది, చేతులు రాలేదు పారేసేదానికి. నువ్వు లేదంటావులే అనుకున్యా. నువ్వు ఉండాది అంటివి. నా ముఖం చూసి, జాలిపడి అన్నావు. నా కోసం అబద్ధమాడినావు. ఆడి, దానికి శిక్ష నీకు నువ్వే ఏసుకున్నావు. నాకు తెలీదా ఏంది."

అంటే ఆ రోజు చెయ్యి చెప్పింది నిజమే. లోపల ఏమీ లేదని చెయ్యి చెప్పింది, నిజంగానే ఏమీ లేదు. మొద్దుబారింది చెయ్యి కాదు, దాన్ని నమ్మనివాడు. ఇన్ని నెలలుగా చచ్చిపోయిందనుకుని పక్కన పెట్టుకున్న చేతిని పీరాసాబ్ ఎత్తి చూసుకున్నాడు. సంతోషించాల్సిన సంగతి. లేదా ఎదురుగా కూర్చున్నవాడి మీద మండిపడాల్సిన సంగతి. రెండింటికీ చోటిచ్చి కూర్చున్నాడు. ఏదీ రాలేదు.

ఓబులేషు ఇచ్చిన కారణాన్ని కూడా తొడుక్కుని చూశాడు. స్నేహితుడి కోసం అబద్ధమాడి, నోరు కట్టుకున్న మనిషి. ఇంతవరకూ వచ్చిన అన్నింటిలోకీ ఇదే అందంగా ఉంది. కొలిచి కుట్టినట్టుంది. ఇది వేసుకుని ఊళ్లో తిరగొచ్చు.

"జాలిపడలేదు ఓబులేసూ" అన్నాడు.

"మరి?"

"ఉండాదో లేదో నాకు తెలీలే. తెలీకనే అన్నా."

ఓబులేషు నమ్మలేదు. గొప్పవాళ్లు ఇట్లాగే అంటారన్నట్టు తల ఊపాడు. "సరే. రేపు నువ్వు తినలేకపోతే తినొద్దు. నేనే లేచి చెప్పేస్తా, సచ్చినదాన్ని తెచ్చినానని. నీ మీదికి రానియ్యను."

"చెప్పి?" తిమ్మక్క గుమ్మంలోంచే అంది. ఎప్పుడొచ్చిందో, ఎంత విందో. "చెప్తే ఊరోళ్లు నీ మెడలో దండ ఏస్తారా? నోరు మూసుకోని గడ్డి ఎయ్యిపో. ఒప్పుకోవడం ఒకటి తక్కువయ్యిందీయనకు."

పీరాసాబ్ లేచాడు. తడికె దాటుతూ ఆగాడు. "ఉండాది అన్నది నేను" అన్నాడు. "నువ్వు కాదు."

మర్నాడు దివాకర్ పొలం తిరునాళ్లలా ఉంది. బోరు పైపుకు పసుపు పూసి పూలదండ వేశారు. నీళ్లు కాలవలోకి పడుతుంటే పెద్దవాళ్లు కూడా వంగి ముఖాలు కడుక్కుంటున్నారు, దాహం లేకపోయినా దోసిళ్లతో తాగుతున్నారు. పొద్దున్నే పీరాసాబ్ కోత ముగించాడు. పొట్టేళ్లు బలంగా గింజుకున్నాయి. వాటిలో ప్రాణం ఉందని చెప్పడానికి ముల్లా చెయ్యే అక్కరలేదు. అయినా చెయ్యి ఆనించి, ఉండాది అని, కోశాడు.

కార్జం ఓబులేషే కాల్చాడు. ఇంకెవరినీ ముట్టనివ్వలేదు. ఉప్పు, కారం అద్ది, నిప్పుల మీద తిప్పి, స్టీలు పళ్లెంలో పెట్టుకుని తెచ్చాడు. మాటలు ఒక్కొక్కటిగా ఆగిపోయాయి. ఎవరూ చూడనట్టు ఎవరి పని వాళ్లు చేసుకుంటున్నారు, కానీ ఒక్క చెయ్యీ కదలడం లేదు. దివాకర్ ఫోనులో ఎవరితోనో మాట్లాడుతున్నవాడు చెవి దగ్గరే పెట్టుకుని ఊరుకున్నాడు. వంట పందిరి కింద ఆడవాళ్ల మధ్య నూర్జాన్ ఉల్లిపాయ కోస్తూ కత్తిని సగంలో ఆపింది. హబీబుల్లా గడ్డం నిమురుకుంటున్నాడు.

పీరాసాబ్ మొదటి తునక తీసుకున్నాడు. మింగేయాలని అనుకున్నాడు. ట్యూబు ముక్కే కదా. నాలుగు సార్లు నమిలినట్టు చేసి మింగేసి, అనాల్సిన మాట అనేస్తే సరి.

నోట్లో పెట్టుకున్నాడు. వేడి తగిలింది. తర్వాత ఉప్పు.

దవడ ఆగిపోయింది. ఉప్పు వెనకనే కారం, కారం వెనక పొగ వాసన, ఆ వెనక కార్జానికే ఉండే ఆ కొంచెం తీపి, కొంచెం చేదు. అవన్నీ తోసుకుంటూ వచ్చినట్టు వచ్చాయి. నోరంతా నీళ్లూరింది. తను నమలకముందే దవడ నమలడం మొదలుపెట్టింది, కడుపు లోపల పడుకున్న జంతువేదో పేరు విని లేచినట్టు లేచింది. రుచిగా ఉంది. ఎంత రుచిగా ఉందంటే అతనికి భయమేసింది. తనను అడగకుండా, తనకు చెప్పకుండా, ఒళ్లు తన పని తాను చేసుకుంటోంది. ఇన్నాళ్లూ ఇది ఎక్కడికీ పోలేదు. ఎక్కడో కూర్చుని చూస్తూనే ఉంది.

మింగాడు. గొంతు దిగి పోతున్నంతసేపూ తెలిసింది.

"బాగుండాది" అన్నాడు.

ఎవరో పెద్దగా ఊపిరి వదిలారు. "గుండిగ ఎక్కించండప్పా, ఇంకా ఏం చూస్తాండారు" అని దివాకర్ అరిచి, ఫోనులో ఉన్నవాడికి మొదటి నుంచీ చెప్పడం మొదలుపెట్టాడు. ఓబులేషు ఖాళీ పళ్లెం పట్టుకుని అక్కడే నిలబడిపోయాడు. తిమ్మక్క వచ్చి పళ్లెం లాక్కుని పోయింది, "పని సూడు పో" అంటూ. ఆమె కొంగుతో ముక్కు తుడుచుకోవడం ఒక్క పీరాసాబే చూశాడు.

మధ్యాహ్నం భోజనాలకు బంతులు వేశారు. పీరాసాబ్‌ను దివాకర్ తన పక్కనే కూర్చోబెట్టుకున్నాడు, అవతలి పక్క ఓబులేషు. విస్తట్లో అన్నం పడింది. కూర బకెట్టు, గరిటె పట్టుకుని వడ్డించేవాడు వంగాడు. ఆ వాసనకు పీరాసాబ్ కడుపు మళ్లీ లేచింది. అతను విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టాడు.

"నాకు పప్పు ఎయ్యప్పా."

"ఇదేంది మళ్లీ?" అన్నాడు దివాకర్. "పొద్దున తింటివి కదా. బాగుండాది అంటివి కదా."

చుట్టూ నాలుగు తలలు తిరిగాయి. ఓబులేషు కలుపుతున్న ముద్ద వేళ్ల మధ్య ఆగిపోయింది.

"బాగుండాది. తినాలనిపిస్తాంది రెడ్డీ. శానా అనిపిస్తాంది."

"అనిపిస్తే తిను."

"అనిపిస్తాంది కాబట్టే వద్దు."

వరస చివర ఎవరో నవ్వారు, నవ్వు వరసంతా పాకింది. "ముల్లాకు బోరునీళ్లు తలకెక్కినాయి" అన్నాడొకడు. "నీ పాలు నాకెయ్యమను" అన్నాడు ఇంకొకడు. పీరాసాబ్ ఓబులేషు వైపు తిరిగాడు. "నువ్వు తిను. నీ పొట్టేళ్లకేం, నిండుగా ఉండాయి. బాగలేక మానలేదు నేను. అందరూ వినండి, బాగుండాయి."

ఓబులేషు తలవంచుకుని ముద్ద నోట్లో పెట్టుకున్నాడు.

ఇన్నాళ్లూ తను మానేశాడని ఊరు అనుకుంది. మానింది తను కాదు. అక్కరలేనిదాన్ని ఎవరూ మానలేరు. తలుపే లేని గోడకు గడియ పెట్టినట్టుంటుంది. ఇప్పుడు ఎదురుగా బకెట్టు పోతోంది, నోట్లో నీళ్లు ఊరుతున్నాయి. మానడం ఈ పూట నుంచి. ఎందుకని అడిగితే ఇప్పటికీ సరిగ్గా చెప్పలేడు. తెలియకుండా ఒక మాట అన్నాడు, ఊరంతా ఆ మాట తిన్నది. దానికి ఇది బదులు అవుతుందో కాదో తెలియదు. కానీ ఇది నొప్పిగా ఉంది. కడుపులో, దవడల్లో, నాలుక మొదట్లో, ఎక్కడెక్కడో చెప్పగలిగినంత స్పష్టంగా నొప్పిగా ఉంది. ఆ నొప్పిని పోగొట్టుకోవాలని లేదు.

"అయితే ఇంక కోతకు రావా?" అన్నాడు దివాకర్, ఎముక పీలుస్తూ. ఇప్పుడు అతని గొంతులో వెటకారం లేదు, ఊరి పని గురించి అడుగుతున్నాడు.

"వస్తా."

"మరి మొదటి తునక?"

పీరాసాబ్ ఆలోచించాడు. ప్రతి కోతకూ అదే వేడి, అదే ఉప్పు, ఒళ్లు లేచి నిలబడడం, అక్కడ ఆపేయడం.

"అది ఒక్కటీ తింటా" అన్నాడు.

"అది చాలు ఊరికి" అన్నాడు దివాకర్, ఇంకో గరిటెడు వేయించుకుంటూ.

పప్పు వచ్చింది. ఎండుమిర్చి వేసిన పుంటికూర పప్పు. పీరాసాబ్ అన్నంలో కలుపుకుని మొదటి ముద్ద పెట్టుకున్నాడు. పుల్లగా ఉంది. ఉప్పు కొంచెం తక్కువైంది. వడ్డించేవాడిని వెనక్కి పిలిచి ఉప్పు అడిగాడు.